నూట అరవై అంగుళాల తోడల్లుడు

కర్ణంగారు దేన్నయినా మూల నుంచి మూలకే కొలుస్తారు. బల్ల కనిపించినా, తలుపు కనిపించినా, చివరికి పక్కవాడు దులుపుతున్న దుప్పటి కనిపించినా సరే, చెయ్యి జేబులోకి పోతుంది, టేపు బయటికొస్తుంది. ఒక కొస ఈ మూలకీ ఇంకో కొస ఎదుటి మూలకీ పట్టి, కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, ఆ వస్తువు వెడల్పూ ఎత్తూ చెప్పేస్తారు. ఇంత తంటా దేనికి, వెడల్పే నేరుగా కొలవచ్చు కదా అంటే, "అలా అయితే ఎవరైనా కొలుస్తారు" అంటారు. గుండ్రటి వస్తువులంటే ఆయనకు బొత్తిగా గిట్టదు. మూలల్లేనిదాన్ని నమ్మకూడదని ఆయన సిద్ధాంతం.

ఆయన వ్యాపారం ప్రొజెక్టర్ తెరలు అమ్మడం, బిగించడం. తెరల లోకంలో వంద అంగుళాల తెర అంటే వెడల్పు వందా కాదు, ఎత్తు వందా కాదు, మూల నుంచి మూలకి వంద. లెక్కల పుస్తకంలో ఆ ఏటవాలు గీతను కర్ణం అంటారు. ఆయనకు ఆ పేరు పెట్టింది ఆయన తోడల్లుడే. ఎగతాళికి పెట్టాడు. ఆయన మురిసిపోయి దుకాణం బోర్డు మీద కూడా రాయించుకున్నారు. తోడల్లుడి కడుపుమంట అక్కడ మొదలైంది.

ఈ తోడల్లుణ్ణి అత్తవారింట్లో చిన్నల్లుడు అంటారు. అతనికి కర్టెన్ల దుకాణం ఉంది. కిటికీ వెడల్పు, ఎత్తు, మడతలకింత, కింద కుట్టుకింత అని నిలువూ అడ్డమూ కొలిచి బతికే మనిషి. కొలతల్లో తానూ తక్కువ తినలేదని అతని నమ్మకం. కానీ అత్తవారింట్లో ఆ మాట వినే నాథుడేడి? అక్కడ కొలతంటే పెద్దల్లుడిదే.

"మా పెద్దల్లుడు గోడ వంక ఇలా చూస్తే చాలు, అంగుళాలతో సహా చెప్పేస్తాడు" అని అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. చిన్నల్లుడు పక్కనే కూర్చుని ఉంటే, "ఈయనకీ ఏదో దుకాణం ఉందిలెండి" అని ముక్తాయిస్తుంది.

ఆ 'ఏదో' అన్న మాట చిన్నల్లుడి గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది.

చిన్నల్లుడు ముచ్చటపడి కొత్త మంచం ఇంటికి తెచ్చిన రోజు సంగతి చూడండి. ఊళ్ళోకెల్లా మంచి వడ్రంగి చేత చేయించాడు. చుట్టాలంతా చూడ్డానికి వచ్చారు. కర్ణంగారు కూడా వచ్చారు.

"ఎంత మంచం తమ్ముడూ?"

"ఆరడుగులు, ఆరున్నర అన్నయ్యగారూ" అన్నాడు చిన్నల్లుడు ఛాతీ విరిచి.

కర్ణంగారు టేపు తీశారు. తలగడ మూల నుంచి కాళ్ళవైపు మూలకి పరిచారు. "నూట ఆరు అంగుళాలు! బ్రహ్మాండం! మీరు ఏటవాలుగా పడుకుంటే ఇంకో రెండడుగులు పొడుగు పెరిగినా సరిపోతుంది."

అందరూ పడీపడీ నవ్వారు. పిల్లలు మంచమెక్కి ఏటవాలుగా పడుకుని చూశారు. చెక్క నునుపు ఎవరూ చూడలేదు. నగిషీ ఎవరూ చూడలేదు. ఆ తర్వాత చాలాకాలం బంధువులు ఫోన్ చేస్తే, "ఏటవాలు మంచం ఎలా ఉంది?" అనే అడిగారు.

అత్తగారింటి హాల్లో కర్ణంగారు కట్టిన తెర ఉంది. వంద అంగుళాలది. దాన్ని కడుతూ ఆయన చదివిన దండకం ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. "వెడల్పు తెర పదహారుకి తొమ్మిది. పదహారు పదహార్లు రెండొందల యాభై ఆరు. తొమ్మిది తొమ్ములు ఎనభై ఒకటి. కలిపితే మూడొందల ముప్ఫై ఏడు. దాని వర్గమూలం పద్ధెనిమిదీ చిల్లర. ఆ చిల్లరతో సహా భాగిస్తే వెడల్పుకి పాయింట్ ఎనభై ఏడు, ఎత్తుకి పాయింట్ నలభై తొమ్మిది. కనక వంద అంగుళాల తెరకి వెడల్పు ఎనభై ఏడు, ఎత్తు నలభై తొమ్మిది!" చివరి మాటకి మామగారు చప్పట్లు కూడా కొట్టారు. కర్టెన్లకు చప్పట్లు కొట్టిన మామగారు ఈ భూప్రపంచంలో ఎక్కడా లేరు.

ఇలా ఉండగా అటక మీద ఓ పాత వీడియో క్యాసెట్ దొరికింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు మామగారు ఎవరి దగ్గరో కెమెరా అడిగి తెచ్చి తీసిన వీడియో. బాగుచేయించి కంప్యూటర్లోకి ఎక్కించారు. అందరం కలిసి చూద్దామనుకున్నారు. ఎక్కడ చూద్దామన్న మాట రాగానే అత్తగారు నోరు తెరవబోయింది. ఆమెకంటే ముందు చిన్నల్లుడు లేచాడు.

"మా ఇంట్లో! మా కొత్త హాల్లో తెర పెట్టిస్తున్నాను. ఇక్కడిదానికంటే పెద్దది."

అతని భార్య ఉలిక్కిపడింది. తెర సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది.

ఇంటికి వెళ్ళాక ఆమె అడిగింది. "బావని ఓసారి అడిగితే పోయేదిగా?"

"ఆయనొక్కడికే ఉందా టేపు? నా దుకాణంలో పన్నెండున్నాయి. పట్టు ఆ కొస!"

ఆమె స్టూలెక్కి గోడ పైమూలకి టేపు పట్టింది. అతను కింద ఎదుటి మూలలో గొంతుక్కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను మూల నుంచి మూలకి కొలవడం అదే మొదలు. నూట అరవై ఒకటి వచ్చింది. అతని మొహం చాటంతయింది.

"చూశావా? మీ అమ్మగారింట్లోది ముష్టి వంద! మనకి నూట అరవై పడుతుంది. అటూ ఇటూ అరంగుళం వదిలేద్దాం."

"అంత పెద్దది పడుతుందా మన గోడకి?"

"కొలిచావుగా కళ్ళారా!"

కర్ణంగారి దుకాణానికి వెళ్ళకుండా ఊరి రెండో చివర ఉన్న ఇంకో దుకాణానికి వెళ్ళాడు. అక్కడి మనిషి, "గోడ వెడల్పెంత సార్?" అని అడిగాడు.

"కర్ణం నూట అరవై ఒకటి" అన్నాడు చిన్నల్లుడు, ఆరితేరినవాడిలా. "నూట అరవైది, పదహారు–తొమ్మిది వెడల్పు తెర ఇవ్వండి. చట్రంతో సహా."

అమ్మేవాడికి అంతకంటే ఏం కావాలి? ఇచ్చేశాడు.

వీడియో చూసే రోజు మధ్యాహ్నం, దుకాణం మనుషులు అల్యూమినియం చట్రం హాల్లో నేలమీద పరిచి, తెల్లటి తెర బిగించి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని గోడ దగ్గరికి ఎత్తారు. ఎత్తి ఆగిపోయారు. చిన్నల్లుడి హాలు గోడ వెడల్పు సరిగ్గా పదడుగులు. తెర వెడల్పు పదకొండడుగులు దాటి ఇంకో ఏడంగుళాలు. ఒకవైపు కిటికీకి ఆనించి పెడితే రెండోవైపు వంటింటి గుమ్మానికి అడ్డం పడింది. లోపల ఉన్న భార్య కాఫీ గిన్నెతో సహా బందీ అయిపోయింది.

"ఏమండీ, నేను బయటికెలా రావాలి?"

"కాస్త ఆగు! తిప్పి చూస్తాం!"

తిప్పి చూశారు. ఈసారి కప్పుకి తగిలింది. దుకాణం మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "గోడ చిన్నదైంది సార్" అని తేల్చి, తెరని గోడకి చేరేసి, టీ తాగొస్తామని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

చిన్నల్లుడు టేపు తీసి ఈసారి గోడని నిలువూ అడ్డమూ కొలిచాడు. పదడుగుల గోడ, తొమ్మిదడుగుల ఎత్తు. కర్ణం నూట అరవై ఒకటి రావడం నిజమే. కానీ గోడ దాదాపు చదరం, తెర బారు. ఆ రెంటి పొందిక వేరని అప్పుడు వెలిగింది. కర్ణంగారి దండకంలో కర్ణం ఒక్కటే అతని చెవికెక్కింది. పదహారూ తొమ్మిదీ పేరుకే గుర్తున్నాయి, వాటి లెక్క అసూయలో కొట్టుకుపోయింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో కారు ఆగింది. అత్తగారు, మామగారు, వదినగారు, వాళ్ళ వెనకాల పనిముట్ల సంచీ భుజాన వేసుకుని కర్ణంగారు.

అత్తగారు హాల్లోకి అడుగుపెట్టి బుగ్గన వేలేసుకుంది. "ఇదేం చోద్యం బాబూ! గోడ కంటే తెర పెద్దదిగా ఉంది?"

కర్ణంగారు తెరని చూశారు, గోడని చూశారు. ఆయన పెదవులు కదలడం చిన్నల్లుడికి కనిపించింది. లెక్క కట్టేశాడు, ఇంకేముంది, ఇప్పుడు అంగుళాలతో సహా పరువు తీస్తాడు, రేపటినుంచి బంధువులు ఫోన్ చేసి గోడ దాటిన తెర ఎలా ఉందని అడుగుతారు అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"నేనే తెమ్మన్నానత్తయ్యగారూ" అన్నారు కర్ణంగారు.

చిన్నల్లుడు కళ్ళు తెరిచాడు.

"నువ్వు తెమ్మన్నావా?" అత్తగారు గయ్యిమంది. ఎప్పుడూ మురిపెంతో నువ్వనే మనిషి, ఆ నువ్వులో ఈసారి కారం పోసింది. "కొత్త ఇల్లు, చిన్నల్లుడు ముచ్చటపడి కట్టుకున్న హాలు! నీ పిచ్చి నీ ఇంటి దాకా ఉంచుకోక, వాళ్ళ మీద కూడా రుద్దాలా? వంటింట్లో పిల్ల ఇరుక్కుపోయింది కదయ్యా!"

"పొరపాటేనండీ" అన్నారాయన, తల దించుకుని.

కర్ణంగారిని అత్తగారు తిట్టడం! ఈ ఘడియ కోసం చిన్నల్లుడు ఎన్నేళ్ళుగా కాచుకుని ఉన్నాడు! తీరా వినబడుతుంటే అది చక్కెర మరిచిన కాఫీలా ఉంది. పైగా ఆ కాఫీ తను కలిపిందే.

"కాకపోతే ఓ కారణం ఉందండీ" అంటూ కర్ణంగారు సంచీలోంచి ఇనుప రంపం తీశారు. "మనం చూడబోయేది పాత వీడియో. దాని బొమ్మ పదహారు–తొమ్మిది కాదు, నాలుగు–మూడు. వెడల్పు తెరంతా నిండేలా లాగామనుకోండి, అందులో మీరు అడ్డంగా సాగిపోతారు. అందుకని ఎత్తు ఎక్కువున్న తెర కావాలి. ఈ తెర ఎత్తు ఆరున్నర అడుగులు. నాలుగు–మూడుకి ఈ ఎత్తుకి తగ్గ వెడల్పు ఎనిమిదడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. గోడ పదడుగులు. అటూ ఇటూ జానెడు మిగులుతుంది. తమ్ముడూ, గుడ్డ మడత పెట్టడం నాకు చేతకాదు. ముడతలు రాకుండా మడవగలవాళ్ళు మన ఇంట్లో మీరొక్కరే. కాస్త రండి."

మొదట వంటింటి ఖైదీని విడుదల చేశారు. తర్వాత ఇద్దరూ చట్రం విప్పారు. కర్ణంగారు పైకమ్మీ, కిందికమ్మీ కోశారు. చిన్నల్లుడు తెరని రెండువైపులా పదిహేడున్నర అంగుళాల చొప్పున వెనక్కి మడిచి, పెళ్ళికూతురి చీర కుచ్చిళ్ళు సర్దినంత జాగ్రత్తగా సవరించి, సూదీ దారంతో పట్టేశాడు. ఒక్క ముడత లేదు.

"అబ్బ! ఇదీ చెయ్యంటే!" అన్నారు కర్ణంగారు. నిజంగానే అన్నారు. చిన్నల్లుడు అందులో వెటకారం కోసం వెతికాడు గానీ దొరకలేదు.

తెర వెనకాల ఇద్దరే ఉన్నప్పుడు గొంతు తగ్గించి అడిగాడు. "ఎందుకు మీ మీద వేసుకున్నారు?"

"దేన్ని?" అన్నారు కర్ణంగారు. వెంటనే మాట మార్చేశారు. "కింది అంచు నేల నుంచి రెండడుగులకి మించకూడదు. మావయ్యగారు మెడ ఎత్తలేరు. ఎత్తితే రెండ్రోజులు బాధపడతారు, పైకి చెప్పరు. అత్తయ్యగారి కుర్చీ కుడివైపు వెయ్యండి, కుడి కన్ను మసక. ఆవిడా పైకి చెప్పరు."

"మరి మీకెలా తెలుసు?"

"టేపు ఓ కొస పట్టుకోమంటాను కదా. పట్టుకునేటప్పుడు ఎవరికి మెడ పట్టేసిందో, ఎవరు ఏ కన్ను చికిలించారో తెలిసిపోతుంది. నోరు తెరిచి అడిగితే, బాగానే ఉన్నాం అనేస్తారు."

'ఇదీ మీకే తెలియాలా' అన్న ఉక్రోషం చిన్నల్లుడి నోటిదాకా వచ్చింది.

తలుపులు మూసి, తన దుకాణంలోని దళసరి కర్టెన్లు లాగాడు. మధ్యాహ్నమే హాలు చీకటైంది. ప్రొజెక్టర్ వెలిగి, తెర మీద బొమ్మ పడింది. ఎక్కడా సాగలేదు, ఎక్కడా నొక్కుకుపోలేదు. పాతికేళ్ళ అత్తగారు, సన్నగా, జడ ముందుకేసుకుని, మామగారి కెమెరాని "తియ్యకండీ" అని కసురుతోంది. వెనకాల ఓ పిల్ల బకెట్ నెత్తిన బోర్లించుకుని తిరుగుతోంది. అది తన భార్య అని తెలిసేసరికి చిన్నల్లుడు పగలబడి నవ్వాడు. మామగారు మెడ కదపకుండా, బొమ్మనే చూస్తూ, "అప్పుడెంత కోపమో!" అన్నారు. అత్తగారు కళ్ళొత్తుకుంది.

"చిన్నల్లుడుగారూ, ఎంత బాగా కట్టించారు బాబూ! మా ఇంటి తెర దీని ముందు ఎందుకూ పనికిరాదు" అంది.

చిన్నల్లుడు జీవితమంతా ఎదురుచూసిన మాట. కానీ మింగుడుపడలేదు. పక్కన కర్ణంగారు, అందరికీ మంచి చోట్లు చూపించి, తాను గోడవారన ముక్కాలిపీట మీద కూర్చుని, ఏటవాలుగా బొమ్మ చూస్తూ మురిసిపోతున్నారు. చిన్నల్లుడు ఇక ఆగలేక లేచి నిలబడ్డాడు. అతని నీడ తెర మీద పడి అత్తగారి పడుచుదనాన్ని కప్పేసింది.

"అత్తయ్యగారూ, అన్నయ్యగారు నాకేం చెప్పలేదు. కొలతలో తప్పు చేసింది నేనే. ఆయన ఊరికే మీ తిట్లు తిన్నారు."

మెచ్చుకుంటారని, ఎంత నిజాయితీ గల అల్లుడని అంటారని చిన్నల్లుడు లోపల్లోపల ఎదురుచూస్తున్నాడు.

"ఆ సంగతి మాకు అప్పుడే తెలుసు బాబూ" అంది అత్తగారు. "పెద్దాయన చెబితే మీరు వింటారా? ఇన్నేళ్ళలో ఆయన చెప్పిందొక్కటి విన్నారా? పాపం ఆయన కప్పిపుచ్చాలని చూస్తుంటే కాదనడం దేనికని నాలుగు తిట్టి ఊరుకున్నాను. ఎంత మంచివాడండీ మా పెద్దల్లుడు! అడ్డం తప్పుకుని కూర్చోండి, కనబడ్డం లేదు."

వదినగారు కిసుక్కుమంది. భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నల్లుడు చతికిలబడ్డాడు. నిజం చెప్పింది తను, పేరు మళ్ళీ ఆయనకే!

కర్ణంగారు పీట జరుపుకుంటూ దగ్గరికొచ్చి చెవిలో అన్నారు. "ఊరుకుని ఉంటే పేరు మీకే మిగిలేది కదా తమ్ముడూ."

"మీరే ఉంచుకోండి అన్నయ్యగారూ" అన్నాడు చిన్నల్లుడు, పళ్ళు నూరాలో నవ్వాలో తేలక రెండూ ఒకేసారి చేస్తూ. "ఆ గోడవార నుంచి మీకేం కనిపిస్తుంది గానీ, ఇలా నా కుర్చీలోకి రండి. సగం జరుగుతాను."

ఒక్క కుర్చీలో ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. తెర మీద బకెట్ పిల్ల గోడకి గుద్దుకుని కిందపడింది.