సముద్రానికి మోసుకెళ్ళిన కొండరాయి

లావుపాటి మనిషి నీళ్ళల్లో పడితే రాయిలా మునిగిపోతాడని చాలామంది అనుకుంటారు. అబద్ధం. మునిగేది బక్కవాడు. లావుపాటివాడు తేలతాడు. స్కూబా డైవింగ్‌కి వెళ్ళే లావాటి మనుషుల నడుముకి సీసం బిళ్ళలు ఎక్కువ కడతారని తెలిసిన రోజున నాకు భలే గర్వమేసింది. ఈ శరీరాన్ని కిందకి దించాలంటే లోహం సాయం కావాలన్నమాట!

పోయినేడు విశాఖలో ఋషికొండ దగ్గర డైవింగ్ చేయించే పడవవాళ్ళు నా పొట్ట చూసి, ‘‘కొంచెం నడక అలవాటు చేసుకుని రండి సార్’’ అన్నారు. ఛత్తీస్‌గఢ్ కిరండూల్ ఇనుపగనిలో రాయి మోసే డంపర్ తోలే నేను, వచ్చే ఏడు సముద్రం అడుగు చూసి తీరతానని క్యాంటీన్‌లో అందరిముందూ ప్రకటించేశాను. నా బండిలోకి రాయి తవ్విపోసే షవల్ ఆపరేటర్ అప్పలరాజు పకపకా నవ్వాడు. ‘‘నువ్వు దిగితే నీళ్ళు ఒడ్డెక్కేస్తాయి గురూ!’’

అక్కడినుంచి మొదలయ్యాయి తిప్పలు. రోజూ సాయంత్రం కాలనీ నుంచి కొండ గేటు దాకా నడక, రాత్రికి ఉలవచారు, కొర్రన్నం. మా ఆవిడ వరలక్ష్మి నాకంటే ఓ చెయ్యి లావు. తోడుగా ఆవిడా నడిచేది, నా తిండే తినేది. దారిలో ఎవరో ఒకరు పలకరించేవారు. నేను ఆగి, నా డంపర్‌కి ఎలుగుబంటి సలాం కొట్టిన కథ మొదలుపెట్టేవాణ్ణి. ఆవిడ ఆగేది కాదు. గేటు ముట్టుకుని తిరిగొస్తుంటే నా కథ ఇంకా సగంలోనే ఉండేది.

కిరండూల్‌లో విశాఖ ప్యాసింజరు తెల్లవారుతూనే బయలుదేరుతుంది. వెళ్ళదలచినవాళ్ళు ముందురోజే టికెట్టు తీసుకోండి, పులిహోర కట్టుకోండి. ఏడాది తిరిగి మేమిద్దరం ఆ బండెక్కిన రోజున నా సంచీలో మాత్రం పులిహోర కింద ఇంకోటి ఉంది. మా కొండ ఇనుపరాయి, కొబ్బరికాయంత. పడవవాళ్ళ దగ్గర సీసం నా ఒంటికి సరిపోతుందో లేదోనని నా భయం. మాది ఇనుము పండే ఊరు, బరువుకి కరువేమిటి? పక్క పట్టాల మీద అదే రాయి గూడ్సుబండ్ల నిండా విశాఖ రేవుకే పోతోంది. నేనేమో ఒక్క రాయికే భుజం వాచేలా ఆపసోపాలు పడుతున్నాను.

ఎండెక్కాక జగదల్‌పూర్‌లో కొంటా అనే ఊరి కిరాణా వ్యాపారి ఒకాయన ఎక్కాడు. కూతురింటి నుంచి విశాఖ కంటి ఆసుపత్రికి పోతున్నాడట. కాలికి సంచీ తగిలి ‘అబ్బా’ అన్నాడు.

‘‘ఏందయ్యా ఇది, రోకలా?’’

‘‘రాయండీ. సముద్రంలో మునగడానికి.’’

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. ‘‘గింత మనిషివి మునగనీకి మల్ల రాయి గూడనా?’’

‘‘నూనెలో పూరీ చూశారుగా. ఉబ్బిందే తేలుతుంది.’’

కోరాపుట్ దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు. సొరంగం తరవాత సొరంగం, వెలుగు, మళ్ళీ చీకటి. అరకులో టీ తాగాం. నడుం పట్టేసింది. విశాఖలో దిగేసరికి చీకటి పడి చాలాసేపయింది. స్టేషన్ దగ్గర లాడ్జిలో ఫ్యాను గోల, దోమల గోల. వాటికితోడు రేపటి సంబరం. కన్ను మూతపడలేదు.

పొద్దున్నే ఋషికొండ చేరాం. నీళ్ళలో చెయ్యి పట్టుకుని దించే కుర్రాడి పేరు కిశోర్. నా రాయిని రెండు చేతులా ఎత్తి చూసి పక్కన పెట్టాడు.

‘‘మా దగ్గర సీసం ఉంది సార్,’’ అన్నాడు. తరవాత నా చేతికి బీపీ పట్టీ చుట్టాడు. చూశాడు. కాసేపు కూర్చోమని మళ్ళీ చూశాడు.

‘‘ఈ రోజు వద్దు సార్.’’

‘‘లావనా?’’

‘‘లావు కాదు సార్. మీకంటే లావాటి వాళ్ళని దింపాను. బీపీ ఇలా ఉంటే మాత్రం దింపను. నిద్రపోలేదా? రోజూ నడిచేవారా?’’

‘‘నడిచాను,’’ అన్నాను.

‘‘నిలబడ్డారు,’’ అంది వరలక్ష్మి.

నాకు ఇంకో రోజు లేదు; తిరుగుబండి మర్నాడు పొద్దున్నే, ఆ పై రోజు డ్యూటీ. ఇసక మీద కూలబడ్డాను. ఏడాదిపాటు తిన్న కొర్రన్నమంతా దండగ. తువ్వాలు పట్టుకుని నుంచున్న మా ఆవిడ ఉన్నట్టుండి చెయ్యి చాపింది.

‘‘బాబూ, నాకు చూడు.’’

చూశాడు. ఇంకో మనిషిని పిలిచి చూపించాడు. ‘‘అమ్మగారూ, మీరు దిగొచ్చు!’’

‘‘నువ్వా?’’ అన్నాను.

‘‘ఏటండీ, మీ కథలు వింటూ ఊరికే నిలబడ్డానా ఏటి? గేటు ముట్టుకుని వచ్చేదాన్ని.’’

వాళ్ళ దగ్గరున్న సూట్లలో అన్నిటికంటే పెద్దది నాకోసం తీసి పెట్టారు. అది ఆవిడకెక్కించారు. జిప్పు లాగడానికి ఇద్దరు ఆడపిల్లలు, సబ్బు నీళ్ళు కావలసొచ్చాయి. నేను రాయిని ఒళ్ళో పెట్టుకుని పడవలో కూర్చున్నాను. నడుముకి సీసం బిళ్ళలతో వరలక్ష్మి వెనక్కి ఒరిగి నీళ్ళలోకి పోయింది. బుడగలు. ఆ బుడగలు వచ్చినంతసేపూ నేనూ ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

పైకొచ్చాక మూతికున్న గొట్టం తీసి, ముందుగా అన్న మాట ఇది: ‘‘మోకాళ్ళ నొప్పి లేదండీ అక్కడ. నా బరువు ఎటు పోయిందో తెలీలేదు.’’

‘‘చేపలో?’’

‘‘చిన్నవే. వేలంత.’’

తిరుగుబండిలో ఇద్దరికీ ఒళ్ళు హూనం. ఆవిడ చెవుల్లో ఇంకా హోరు, నా భుజాన ఇంకా రాయి. అయినా ఎదుటి సీట్లవాళ్ళు అడిగితే ఆవిడ చెప్పడం మానలేదు. అరకులో చేప బీరకాయంత అయింది. కోరాపుట్‌లో గుమ్మడికాయ. జగదల్‌పూర్‌లో ఎక్కినవాళ్ళకి మేకపోతంత. కథ ఎలా పెరుగుతుందో నాకు తెలుసు. నోరు మెదపలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ నా ఎలుగుబంటి కథని నోరు మెదపకుండా భరించలేదూ?

కిరండూల్‌లో దిగాం. అప్పలరాజు ప్లాట్‌ఫాం మీద సిద్ధంగా ఉన్నాడు. ‘‘ఏం గురూ, మునిగావా?’’

‘‘మీ వదిన మునిగింది,’’ అన్నాను.

వాడు నమ్మలేదు. వరలక్ష్మి సంచీలోంచి రాయి తీసి వాడి చేతిలో పెట్టింది. ‘‘నమ్మవా? సముద్రం అడుగునించి తెచ్చానయ్యా!’’

అప్పలరాజు ఇరవయ్యేళ్ళుగా ఆ రాళ్ళనే తవ్వుతున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘‘వదినా, ఇది మన కొండ రాయి కదా!’’

ఆవిడ మొహం చిన్నబోయింది. నావైపు చూసింది. కాళ్ళు లాగేస్తున్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి, మాట్లాడే ఓపిక ఏమాత్రం లేదు. అయినా సంచీ కింద పెట్టాను.

‘‘మనదే మరి. రేవులో ఓడకెత్తుతుంటే జారి పడ్డట్టుంది. ఎన్నేళ్ళనించి ఉందో పాపం, ఆ ఉప్పునీళ్ళల్లో. చూస్తూ చూస్తూ వదిలేసి రాలేక, మీ వదిన ఇంటికి తీసుకొచ్చింది.’’