పాటలో రెండు దెబ్బలు

దయ్యాల మాట ఎత్తితే నాకు నవ్వొచ్చేది. మా వీధిలో ఎవరికైనా ఏదో కనబడిందంటే, నిద్ర చాలక అలా అనిపించి ఉంటుందనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, పొడవుగా రాయడం చేతకాదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను.

మాది పేరాల. మా ఆయన మగ్గం నేసేవారు. నేను పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేదాన్ని. కండె అయిపోతే ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదు. అత్తమామల ముందు అలా పిలవరు. మగ్గం మీద ఉత్తినే రెండు దెబ్బలు కొట్టేవారు. మొదటిది గట్టిగా, కాస్త ఆగి రెండోది మెత్తగా. నేను లేచి కండె అందించేదాన్ని. ఆ మెత్తని దెబ్బ విని లోలోపల మురిసిపోయేదాన్ని.

ఎప్పుడో అది ఆగిపోయింది. గొడవేమీ పడలేదు. ఆయనే లేచి కండె తీసుకోవడం మొదలుపెట్టారు, నేను తలెత్తి చూడటం మానేశాను. మా అమ్మాయి సౌజన్య అప్పటికి ఇంకా పుట్టలేదు. తర్వాత మగ్గం విప్పి అమ్మేశాం. ఆయన రేపల్లెలో రైసు మిల్లుకు కాపలాకి వెళ్లారు. నేను బాపట్లలో ఒక హాస్టల్లో వంటకు కుదిరాను.

పోయిన వేసవిలో ఆయన కబురు పెట్టారు. గది దొరికింది, వచ్చేయ్, కలిసి ఉందామని. వెళ్లాలో వద్దో తేల్చుకోలేక తెనాలిలో ఉన్న సౌజన్య దగ్గరికి వెళ్లాను.

సౌజన్య పాడుతుంది. స్నేహితులతో కలిసి బ్యాండ్ పెట్టింది. గది గోడలకు పాత పరుపులు కట్టి, వాళ్ల మొదటి పాట అక్కడే రికార్డు చేశారు. ప్రేమ చల్లారిపోవడం మీద పాట. మధ్యాహ్నం భోజనాలయ్యాక వినిపించారు.

“ఆంటీ, బాగోకపోతే మొహం మీదే చెప్పేయండి, వీడు ఏడ్చినా పర్లేదు,” అని గిటార్ అబ్బాయి డ్రమ్స్ అబ్బాయిని చూపించాడు.

“గొడవ లేదు, కోపం లేదు, నువ్వున్న సంగతే గుర్తు లేదు” అని పాడుతోంది మా అమ్మాయి. ఆ మాట తర్వాత పాట ఒక్క క్షణం ఆగింది. అప్పుడు వినబడ్డాయి, రెండు దెబ్బలు. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా.

నేను లేచి నిలబడ్డాను. చెయ్యి ముందుకు చాచి ఉంది.

“ఎక్కడికమ్మా?” అంది సౌజన్య.

“ఆ దెబ్బలు ఎవరు కొట్టారు?”

“నేను కాదాంటీ,” అన్నాడు డ్రమ్స్ అబ్బాయి. “అక్కడ ఏమీ కొట్టొద్దని మీ అమ్మాయే తిట్టింది.”

వాళ్లకూ వినబడింది. ఎవరు పాడింది, ఎవరు వాయించింది విడివిడిగా పెట్టి విన్నారు. ఎవరి దాంట్లోనూ ఆ చప్పుడు లేదు. కలిపి వింటే ఉంది. సాయంత్రం దాకా వెతికి విసిగిపోయి, బాగానే ఉంది కదా అని ఉంచేశారు.

ఆయనే పిలుస్తున్నారేమో అనుకున్నాను. ఈ వయసులో అలా అనుకోవడానికి సిగ్గేసింది కానీ, అనుకున్నాను. మర్నాడు పాట ఫోన్లో వేయించుకుని రేపల్లె బస్సెక్కాను.

మిల్లు గేటు దగ్గర కూర్చుని ఆయన పాట మొత్తం విన్నారు. ఆ చోటు రాగానే నేను ఆయన మొహమే చూస్తున్నాను.

“మగ్గం చప్పుడులా ఉందే! ఎవరు కొట్టారేంటి?” అన్నారు.

“మీకు తెలీదా అండీ?”

“నాకేం తెలుసే. పాటేంటి, అంత నీరసంగా పాడింది? అన్నం తింటోందా అది?”

నేను రానని చెప్పాను. సరేలే, టీ తాగి వెళ్లు అన్నారు ఆయన. కోపం లేదు ఆయనకి. నాకూ లేదు. బాపట్లకు తిరిగొచ్చి మర్నాడు పనిలోకి వెళ్లాను.

పాట బయటికొచ్చింది. ఆ దెబ్బల గురించి అడిగిన వాళ్లకి డ్రమ్స్ అబ్బాయి తనే కొట్టానని చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనీ. ఆయన మరిచిపోయారు, నేను ఎవరికీ చెప్పలేదు, మగ్గం లేదు. మరి ఆ రోజు నన్ను పిలిచింది ఎవరో ఎంత ఆలోచించినా తేలడం లేదు.