గంజి పట్టిన టేకు వేళ్ళు

తొంభైలలో ఒక ఏడాది, సూరత్ కాలేజీలో చదివే నా కొడుకు కూతురు ఇంటికి పుస్తకాల కంటే చెట్ల వేళ్ళే ఎక్కువ తెచ్చింది. సోన్‌గఢ్ అవతలి అడవిలో టేకు, మోదుగ, తునికి కలిసి పెరుగుతాయి. వాటి వెంట్రుకంత సన్నటి వేళ్ళలో ఎండాకాలం ఎంత సత్తువ ఉంటుంది, వానాకాలం ఎంత, చలికాలం ఎంత అని తేల్చడం దాని చదువు. నేను రెండో తరగతితో బడి మానినదాన్ని. సత్తువంటే కాయలో, గింజలో ఉండేదే అనుకునేదాన్ని.

వేళ్ళకంటిన మట్టి కడిగి, బతికినవీ చచ్చినవీ వేరుచేసే పని నాకు అప్పజెప్పింది. మగ్గం మీద తెగిన పోగులు అతికీ అతికీ పండిన చేతులు నావి. బతికిన వేరు వంగుతుంది, చచ్చింది పుటుక్కుమంటుంది. ఎండాకాలానివి చక్కగా ఏరిచ్చాను.

వానాకాలానివి మెత్తగా వచ్చాయి, ముట్టుకుంటే తెగాయి. మా ఇంట్లో అన్నం గంజి చుక్క కూడా నేను పారబొయ్యనివ్వను. పడుగు నూలు తెగకుండా గంజి పట్టించే ఇళ్ళు మావి. వేళ్ళకూ అదే చేశాను. పలచటి గంజిలో ముంచి దండెం మీద సాపుగా ఆరేశాను. సూరత్‌లో మేముండే లింబాయత్ పేటలో మా గల్లీ ఆడవాళ్ళు చూసి మెచ్చుకున్నారు కూడా.

సాయంత్రం మనవరాలు వచ్చి వాటిని తడిమి నిలబడిపోయింది.

"బాపమ్మా, గంజి పెట్టినవా?"

"పెట్టక? ఊకె తెగుతున్నయి. జర చూడు, ఎంత గట్టిగైనయో."

"మస్తు గట్టిగైనయి. ఇగ నేను సార్‌కు చెట్టు సత్తువ చెప్పాల్నా, మన రేషన్ బియ్యం సత్తువ చెప్పాల్నా?"

నవ్వబోయి ఏడ్చింది. వానలు వారంలో వెళ్ళిపోతాయట. ఆలోగా మళ్ళీ తవ్వకపోతే వచ్చే వానల దాకా ఆగాలి, ఏడాది చదువు పోతుంది. తప్పు చేసిన చేతులే తవ్వుతాయన్నాను. బస్సు ఖర్చు దండగని పెళ్ళిళ్ళకే పోనిదాన్ని, తెల్లారి రొట్టెలు మూటకట్టి దానితో అడవికి బయలుదేరాను.

అక్కడ ఒక చెట్టు వేళ్ళు ఇంకో చెట్టు వేళ్ళలో అల్లుకుని ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియాలంటే మొదలు నుంచి కొస దాకా తెగకుండా పట్టుకుపోవాలి. దాని సార్ చిన్న పారతో తంటాలు పడుతున్నాడు. చిక్కుబడ్డ నూలును లాగితే బిగుస్తుంది, వదులు చేస్తే దారిస్తుంది. నేను బురదలో చతికిలబడి, కళ్ళు మూసుకుని చేత్తో వెతికాను. పైన వాన కురుస్తూనే ఉంది. పొద్దు వాలేసరికి ఒక్కో చెట్టుకు ఒక్కో సంచి నిండింది. ఈ పని ఎక్కడ నేర్చారని సార్ హిందీలో అడిగాడు. చీర కొంగు పిండుకుంటూ, చెబితే మీకు రాదన్నాను. మనవరాలు పగలబడి నవ్వింది.

బస్సులో అది మూడు సంచులూ ఒళ్ళో పెట్టుకుంది.

"సాలుతయా?" అన్నాను.

"సాలుడేంది బాపమ్మా, ఇంకా మిగులుతయి."

చలికాలం తవ్వకానికి అది నన్ను పిలవలేదు. పిలిచేదాకా నేనూ ఆగలేదు, ముందురోజే నా చెప్పులు కడిగి గుమ్మం దగ్గర పెట్టుకున్నాను.