అటు కూడా చూడు

కాజాలక్కకు కుదురన్నది పుట్టుకతోనే లేదు. కూర్చుంటే లేవాలి, లేస్తే బయటికి తొంగి చూడాలి. చిన్నప్పుడు ఆ పిల్ల కాలు ఒకచోట నిలవడం లేదని తండ్రి తీసుకెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చోబెట్టాడు, ఆడించుకో ఎంత ఆడిస్తావో అని! అలా అబ్బిన విద్యే ఇప్పుడు అన్నం పెడుతోంది. చొక్కాలకు కాజాలు తీయడంలో ఆ బజారులో ఆమెను మించినవాళ్ళు లేరు. నిద్రలో కూడా మిషను తొక్కుతుందని మొగుడు ఆటపట్టిస్తాడు. అబద్ధమేం కాదు, పాపం ఆయన దుప్పటి రోజూ తెల్లారేసరికి మంచం కిందే ఉంటుంది.

ఆమె కొట్టుకు సరిగ్గా ఎదురుగా, వీధికి అవతల, అన్నయ్య ఇస్త్రీ కొట్టు. ఇక్కడ కుట్టినవి అక్కడికి పోవాలి, అక్కడ ఇస్త్రీ అయినవి ఇక్కడికి రావాలి. మోసేది ఎప్పుడూ అన్నయ్యే. హ్యాంగర్లన్నీ గుత్తిగా పట్టుకుని భుజాన వేలాడేసుకుంటాడు. అటువైపు ముఖానికి తెర కట్టినట్టే. అయినా ఇన్నేళ్ళూ ఏ భయమూ లేదు, అది వన్‌వే కదా! బళ్ళన్నీ గడియార స్తంభం వైపు నుంచే వస్తాయి. చెల్లెలి కొట్టుకు వచ్చేటప్పుడు ఎడమ భుజం, తిరిగి వెళ్ళేటప్పుడు కుడి భుజం. అలా వేసుకుంటే స్తంభం వైపు అడ్డు ఉండదు. రెండోవైపు, అంటే స్టేషను వైపు, చూడాల్సిన పనే లేదు. ఆయనకనేముంది, ఆ వీధిలో ఎవరి మెడా అటు తిరిగి ఎరగదు. పైగా అన్నయ్యకు చెవులు ఏనాడో మొరాయించాయి. పక్కనే లారీ హారన్ కొడితే ఎవరో దగ్గారనుకుంటాడు.

అలాంటి వీధిని మున్సిపాలిటీవాళ్ళు టూవే చేసి కూర్చున్నారు. మధ్యలో పసుపు గీత గీశారు, కొత్త బోర్డులు పాతారు. బేరాలు పెరుగుతాయని కొట్లవాళ్ళంతా సంబరపడ్డారు. కాజాలక్క గుండెల్లో మాత్రం రాయి పడింది.

"అన్నయ్యా, ఇక స్టేషను వైపు నుంచి కూడా బళ్ళొస్తాయి. అటు కూడా చూడు!" అని అవతలికి వెళ్ళి మరీ ఆయన చెవి దగ్గర అరిచింది.

"చూస్తాలేవే."

"బట్టలు అలా భుజానేసుకుంటే ఏం కనిపిస్తుంది నీ మొహం? చేతుల మీద పెట్టుకుని తీసుకురా."

"చేతుల మీదా? నలిగిపోవూ? నీ పని నువ్వు చూసుకో, నా పని నాకు నేర్పకు."

"పోనీ నేనే వచ్చి పట్టుకెళ్తా."

"ఏం, నేను అంత ముసలాణ్ణయిపోయానా?" అంటూ ఇస్త్రీ పెట్టెను బల్ల మీద ఠప్పున దించాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని ఊరికే అన్నారా! ఇక వదిలేసి తన కొట్టుకు వచ్చేసింది. అంటే, ఆ పూటకి.

బళ్ళు రెండువైపులా తిరగడం మొదలయ్యాక ఆమె కాలుగాలిన పిల్లి అయింది. మిషనును గుమ్మం దాకా జరుపుకుంది. అవతల గుమ్మంలో ఆయన భుజం మీద బట్టలు కనపడగానే లేచి నిలబడేది. ఆయన గీత దాటి ఇవతలికి వచ్చేదాకా ఊపిరి తీసుకునేది కాదు. వచ్చాక కసిరేది. ఆయన నవ్వేసి పోయేవాడు. మళ్ళీ అదే వరస. ఈ ధ్యాసలో ఒకాయన చొక్కాకు గుండీలు కుట్టాల్సిన పట్టీ మీద కూడా కాజాలు తీసేసింది.

"ఇదేంటక్కా, రెండువైపులా చిల్లులే! దారంతో కట్టుకోమంటావా?" అన్నాడాయన.

"కట్టుకో నాయనా, గాలైనా ఆడుతుంది" అంది, చూపు వీధి మీదనుంచి తిప్పకుండానే. అన్నయ్యకేమైనా అయితే తాను బతకలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, మిషను ముందు కూర్చున్నంతసేపూ అదే గుర్తొస్తూ ఉండేది.

ఆ మధ్యాహ్నం అన్నయ్య ఎడమ భుజం మీద బోలెడన్ని బట్టలతో గుమ్మంలోకి వచ్చి ఆగాడు. ముఖం సగం కనపడటం లేదు. సరిగ్గా అప్పుడే స్టేషను వైపు నుంచి పార్సిల్ వ్యాను ఒకటి దూసుకొస్తోంది. ఆయన మెట్టు మీదకు కాలు జరిపినట్టనిపించింది.

"అన్నయ్యా, ఆగు!"

ఆయనకు వినపడితేగా! ఒక్క ఉదుటున లేచి పరుగెత్తింది. అంత కంగారులోనూ రోడ్డు మీద కాలు పెట్టేముందు మెడ దానంతటదే తిరిగింది, గడియార స్తంభం వైపు. అటు ఖాళీ. రెండంగల్లో రోడ్డు మధ్యకొచ్చేసింది. బ్రేకు కీచుమంది. వ్యాను ముందు అంచు తుంటికి తగిలి, ఆమె గీత మీద బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయింది.

అన్నయ్య బట్టల గుత్తిని ఎక్కడికో విసిరేశాడు. తెల్లచొక్కాలన్నీ దుమ్ములో పరుచుకున్నాయి. వాటిని తొక్కుకుంటూనే వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందట! అటు చూడవటే, పిచ్చిదానా?"

"నువ్వు దిగుతున్నావనుకున్నా..." అంది ఆయన చెవి దగ్గర.

"ఎక్కడ దిగానే? వ్యాను పోయాక వద్దామని హ్యాంగర్ల సందులోంచి దాన్నే చూస్తూ నిలబడ్డా. నీ మీద పంతానికి భుజాన వేసుకుంటున్నా గానీ, నువ్వు చెప్పిన నాటినుంచీ అటు చూడకుండా ఒక్కసారైనా గుమ్మం దిగానా?"

కాజాలక్క ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుని నడిరోడ్డు మీదే భోరుమంది.

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా, అన్నయ్యా!"