చలికాలంలో విరిగిన పాలు

మా చిన్నప్పుడు మా ఇంట్లో పాలు చలికాలంలో కూడా ఎండకే విరిగేవి...

ఎవరైనా చుట్టాలు వచ్చి కూర్చోగానే అమ్మ నా వైపు చూడకుండా, "బిడ్డా, పాలెట్లున్నయో జర చూసి రా" అనేది. నేను వంటింట్లోకి వెళ్లి, గిన్నె మీద మూతతో ఒకసారి చప్పుడు చేసి, గుమ్మంలోకి వచ్చి చెప్పాలి... "అమ్మా, పాలు పలిగినయ్."

అమ్మ చెంప మీద చెయ్యి వేసుకునేది. "అయ్యో, ఏం ఎండలో ఏమో!"

అసలు పాలే ఉండేవి కావు. కన్నడ సీమలో ఉన్న మా నౌబాద్‌లో నాన్న పనిచేసే చోట జీతం ఆలస్యమైన నెలల్లో మేం పాలు మానేసేవాళ్లం. పాలున్న రోజుల్లో అమ్మ "చాయ్ పెట్టు బిడ్డా" అని మాత్రమే అనేది. ఆ తేడా మా ఇద్దరికే తెలుసని నా నమ్మకం.

కాన్వెంట్‌లో యాన్యువల్ డేకి ప్రతి ఏడూ నాటకం వేసేవాళ్లు. నాలుగో తరగతిలో నాకు కన్నడలో ఒకే ఒక్క మాట ఇచ్చారు... "రాజరు బందరు". రాజుగారు వచ్చారు, అంతే. రాజుగారు వచ్చి నిలబడ్డా నాకు నోరు పెగల్లేదు. మరుసటి ఏడు నన్ను తెర లాగే తాడు దగ్గర పెట్టారు. అక్కడ హాయిగా ఉండేది... ఎవరికీ కనపడను.

అయినా నాకు వేషమిచ్చి, ఏ రోజూ మార్చని మనిషి అమ్మ ఒక్కతే.

ఒక డిసెంబరులో, క్రిస్మస్ బట్టలు కొనడానికి నిర్ణా నుంచి సుందరమ్మ పెద్దమ్మ వచ్చింది. నిర్ణా అమ్మ పుట్టిన ఊరు. ఇంట్లో వాళ్లు వద్దంటున్నా అమ్మ పట్టుబట్టి నాన్నను చేసుకుంది. కాబట్టి అక్కడున్న అమ్మమ్మకు మా నుంచి ఎప్పుడూ ఒకటే కబురు వెళ్లాలి... "మంచిగున్నం". ఇంట్లో పాల చుక్క లేదని పెద్దమ్మకు తెలిస్తే, సాయంత్రం బస్సులోనే ఆ మాట ఊరు చేరిపోతుంది.

"ఏందే, గింత చిక్కినవ్?" అంది పెద్దమ్మ, కూర్చుంటూనే.

"మిషన్ తొక్కి తొక్కి అక్కా... పండుగ ముంగట బ్లౌజులు మస్తు వచ్చినయ్" అని అమ్మ నవ్వింది. తర్వాత నా వైపు చూడకుండా అంది. "బిడ్డా, పాలెట్లున్నయో..."

వెళ్లాను. మూత చప్పుడు చేశాను. గుమ్మంలోకి వచ్చి నా మాట చెప్పాను.

"ఎండలకు అక్కా..." అంది అమ్మ, అలవాటుగా.

శాలువా కప్పుకుని కూర్చున్న పెద్దమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "గీ సలిల ఎండనా?"

అమ్మ నవ్వు అక్కడే ఆగింది.

"సరే, పలిగితె పలిగినయ్. పారబొయ్యకు. బెల్లమున్నదా? పిల్లకు కోవ చేసిపెడ్త" అంటూ పెద్దమ్మ లేచి వంటింట్లోకి నడిచింది.

చూసేవాళ్లు లేచి స్టేజీ మీదికి వస్తే ఏం చేయాలో అమ్మ నాకు నేర్పలేదు...

గిన్నె కడిగి బోర్లించి ఉంది. పొడిగా ఉంది. పెద్దమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. గుమ్మంలో నిలబడ్డ అమ్మ కొంగును వేలికి చుట్టుకుంటూ ఉంది. మాట రావాల్సిన చోట నోరు పెగలకపోతే మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను ఆ రోజు బయటి నుంచి చూశాను.

పెద్దమ్మ గిన్నె తిప్పి చూసి, పక్కింటికి కూడా వినపడేలా అరిచింది. "ఓయమ్మో! కోవ ఏడిదే, పిల్లి తాగిపోయింది గద! తాగి గిన్నె సుత కడిగిపెట్టి పోయింది... మంచి పిల్లి!"

అమ్మ ఒక్క క్షణం ఆలస్యంగా అందుకుంది. "రోజొస్తదక్కా, ఆ పిల్లి..."

"రానీ తియ్. నాకు పాల చాయ్ పడనే పడది. సులేమానీ చాయ్ పెట్టు, నిమ్మకాయ పిండి."

ఊళ్లో పెద్దమ్మ పెద్ద గ్లాసు నిండా పాల చాయ్ తాగడం నేను ఎన్నిసార్లు చూశానో...

క్రిస్మస్ అయ్యాక అమ్మమ్మ నుంచి ఒక డబ్బా వచ్చింది. పాలపొడి. తెచ్చినతను ఆమె చెప్పమన్న మాట చెప్పి వెళ్లాడు... "దీన్ని పిల్లి ముట్టదట." అమ్మ ఆ డబ్బాను బోర్లించిన గిన్నె పక్కన పెట్టింది.

ఇప్పుడు నేనూ నౌబాద్‌లోనే ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తుతాను. కన్నడలో, హిందీలో, తెలుగులో... "గొంతులో నవ్వు వినపడాలి" అంటారు మేనేజర్. వినపడుతుంది. తెర తాడు దగ్గర దాక్కున్న పిల్ల ఇప్పుడు పొద్దున నుంచి సాయంత్రం దాకా స్టేజీ మీదే ఉంటోంది. అవతలివాళ్లు ఆ నవ్వు విని, పని చూసుకుని, ఫోన్ పెట్టేస్తారు. లేచి వంటింట్లోకి వచ్చేవాళ్లు లేరు.

ఇళ్లకు వచ్చే చుట్టాలు కూడా ముందు మెసేజ్ పెట్టి వస్తున్నారు. గిన్నెలు సర్దుకోవడానికి టైమ్ ఇస్తున్నారు...

మొన్న సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతుంటే, అమ్మ మిషన్ మీద నుంచే అడిగింది. "ఎట్లున్నదే ఇయ్యాల?"

"మంచిగనే ఉన్నదమ్మా" అన్నాను. ఆఫీసు గొంతు ఇంకా దిగలేదు.

మిషన్ ఆగింది.

"పాలు పలిగినయా బిడ్డా?"

నాకు మళ్లీ నోరు పెగల్లేదు. అవునన్నట్టు తల ఊపాను. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఫ్రిజ్‌లో రెండు పాల ప్యాకెట్లున్నా, సులేమానీయే పెట్టింది...

మీ ఇంట్లో కూడా ఇలాంటి మాట ఒకటి ఉండే ఉంటుంది. అది నమ్మినట్టు నటించి, పిల్లి మీదికి తోసేసి వెళ్లిన మనిషి ఎవరో చెప్పండి... వాళ్లు ఇప్పటికీ ఫోన్ చేయకుండానే మీ ఇంటికి వస్తున్నారా?