హాల్లో ఒక ముహూర్తం, వంటింట్లో ఒక ముహూర్తం

నిన్న సాయంత్రం మా కొడుకు హాల్లో టీవీ ముందు కూర్చుని క్రికెట్ చూస్తూ "ఔట్" అని తొడ చరిచాడు. అదే ఆటను వంటింట్లో ఫోన్‌లో చూస్తూ రొట్టెలు చేస్తున్న కోడలు, "జర ఊకో, నా దాంట్ల ఇంక బాలే ఎయ్యలే" అని అక్కడి నుంచే కసిరింది. నేను గోడ గడియారం చూశాను. సరిగ్గా ఇరవై ఆరు సెకన్ల తరువాత వంటింట్లో కూడా ఆ ఆటగాడు ఔటయ్యాడు. వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఒకే సంగతి ఒకే ఇంట్లో రెండు వేళల్లో జరగడం వాళ్లకు తమాషా కావచ్చు. నా మనవరాలి పెళ్లి నాకు దక్కకుండా పోయింది దానివల్లనే.

మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ ఈ గుజరాతీ ఊరు ఉధ్నాలో మా ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందు హాలు, నడుమ గది, చివర వంటిల్లు. హాల్లో నా కుర్చీ నుంచి వంటింటి గడపకు పద్నాలుగు అడుగులు. ఇవి కూడా లెక్కపెడతారా అని అడగకండి. మగ్గాల షెడ్డులో పద్దెనిమిదేళ్లు గుడ్డ మడతపెట్టే చోట తాకాల లెక్క రాశాను. మగ్గం మీంచి దిగిన నిండు గుడ్డను ఇక్కడ తాకా అంటారు. అందులో అర మీటరు తగ్గితే పట్టుకునేదాన్ని. నన్ను చూసి కొందరు మగవాళ్లు దారి మార్చుకునేవారు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషమే.

ఆ మనవరాలు నా కూతురి బిడ్డ. దానికి నాలుగేళ్లున్నప్పుడు నా కూతురు పోయింది. అల్లుడు హజీరాలో ఒక కంపెనీలో షిఫ్టుల మీద పనిచేసేవాడు, అందుకని పిల్ల నా దగ్గరే పెరిగింది. నాతో తెలుగు, వీధిలో గుజరాతీ, కోపం వస్తే హిందీ. 2021లో, కరోనా రెండోసారి ఊళ్ల మీద పడ్డ ఎండాకాలంలో, సిరిసిల్ల దగ్గర ఒక ఇంటికి దాన్ని ఇచ్చాం. పెళ్లి అక్కడే పెట్టారు. వచ్చేవాళ్ల సంఖ్యకు హద్దు పెట్టారు, రైలంటే అందరికీ భయం. నా వయసు చూపించి నన్ను ఆపారు. ఆపింది మా కొడుకు, నాకు తోడని వాడూ కోడలూ కూడా ఆగిపోయారు. "లైవ్ పెడుతుండ్రు అమ్మా, అక్కడున్నోళ్లకన్న నీకే మంచిగ కనవడుతది" అన్నాడు. నాకు కనబడడం కాదు కావలసింది, నా చేతి అక్షింతలు దాని తల మీద పడాలి. ఆ మాట చెబితే వాడు పెళ్లిలో ఫోటోగ్రాఫర్ల గురించి మాట్లాడాడు.

నా బాధ అర్థమైంది ఆ పిల్లకే. తండ్రితో కారెక్కే ముందు నన్ను పక్కకు తీసుకుపోయి, "అమ్మమ్మా, పుస్తె ముడి పడేటప్పుడు నేను కండ్లు మూసుకుంట. నువ్వు ఈడికెల్లి ఎయ్యి, నా మీద పడ్డట్టే. పక్కా?" అంది. పక్కా అన్నాను. ఈ ఒప్పందం సంగతి ఇంట్లో ఇంకెవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

పెళ్లి బుధవారం. ఎనిమిదింటికే పట్టుచీర కట్టుకున్నాను. ముందురోజే నూకలు ఏరేసి, విరగని గింజలతో అక్షింతలు కలిపి పెట్టాను. నాకు అడుగు దూరంలో చూసే అలవాటు, నాదేమో బటన్ల ఫోను, కాబట్టి ఒక ఫోను నా చేతికిమ్మన్నాను. కొడుకు తన ఫోనును కొత్తగా కొన్న టీవీకి తగిలించాడు. కోడలిది వంటింట్లో, పాయసం గిన్నె పక్కన, డబ్బాకు ఆనించి ఉంది. "పెద్దదానివి, పెద్ద టీవీల సూడు" అని నన్ను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. వాడి షెడ్డు దోస్తులు ఇద్దరు కూడా వచ్చారు. మగ్గాలు సగం ఆగి ఉన్నాయి, పనిలేక ఏ ఇంట్లో ఏది జరిగినా పోయి కూర్చునే రోజులవి. టీవీలో బొమ్మ పెద్దదే. కానీ ఆగుతుంది, ఒక చక్రం తిరుగుతుంది, మళ్లీ నడుస్తుంది. ఆగినప్పుడల్లా అది కొంచెం వెనకబడుతోందని నేను తప్ప ఎవరూ అనుకోలేదు. నేనూ ఎంత వెనకబడిందో చూసుకోలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను.

ముహూర్తం పది నలభై రెండు. ఆ నిమిషానికే గడియారం చూసి వేసేదాన్ని, కానీ అక్కడి పంతులు ఆలస్యం చేశాడు. పది నలభై తొమ్మిదైంది, యాభై అయింది. గుప్పిట చెమట పట్టి గింజలు వేళ్లకు అంటుకుంటున్నాయి. టీవీలో పంతులు ఇంకా పసుపుతాడు సర్దుతున్నాడు. అప్పుడు వంటింట్లో మేళం ఒక్కసారిగా పెరిగింది.

నా చెవులు మోసం చేయలేదు. పుస్తె కడుతున్నప్పుడే మేళం అలా మోగుతుంది. కుర్చీలోంచి లేచి పద్నాలుగు అడుగులూ నడిచాను, మోకాళ్లతో పదిహేడు సెకన్లు. నేను గడప దాటేసరికి ఫోన్‌లో బంధువులను చూపిస్తున్నారు. మూడు ముళ్లూ అయిపోయాయి. కోడలు కళ్లు తుడుచుకుంటూ నా భుజం మీద వాలింది. "అయిపాయె అత్తమ్మా. ముడి పడంగ పిల్ల కండ్లు గట్టిగ మూసుకున్నది, ఎందుకో ఏమో" అంది. ఎందుకో నాకు తెలుసు. గింజలు ఇంకా నా గుప్పిట్లోనే ఉన్నాయి. అలా ఎంతసేపు నిలబడ్డానో అప్పుడు లెక్కించలేదు, తరువాత లెక్క కట్టాను, ఇరవై ఒక్క సెకన్లు. అప్పుడు కోడలికి తట్టింది, "టీవీల ఇంకా రాలేదేమో, ఉరుకుండ్రి" అంది. ఉరికాను. నేను ఉరకడమంటే మళ్లీ పదిహేడు సెకన్లే.

టీవీ నలభై సెకన్లు వెనక ఉంది. ముళ్లు పదిహేను సెకన్లు పట్టాయి. కలిపితే యాభై ఐదు. పోవడానికి పదిహేడు, నిలబడ్డది ఇరవై ఒకటి, రావడానికి పదిహేడు. అదీ యాభై ఐదే. నేను హాలులోకి అడుగుపెట్టేసరికి కొడుకూ దోస్తులూ టీవీ మీదికి అక్షింతలు విసిరి చేతులు దులుపుకుంటున్నారు. తెర మీద బంధువులు కనబడుతున్నారు. మా ఇంట్లో పెళ్లి రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ నేను నడుమ గదిలో ఉన్నాను.

కొడుకు నా గుప్పిట చూసి, "గింతకే ఏంది అమ్మా, రికార్డింగ్ ఉంటది. మళ్ల పెడత, అప్పుడెయ్యి" అన్నాడు. దోస్తుల ముందు వాణ్ని ఏమీ అనలేదు. వాళ్లు పోయాక అన్నాను. జరిగిపోయినదాని మీద వేసేవాటిని అక్షింతలు అనరని, నన్ను కుర్చీలో బొమ్మలా కూర్చోబెట్టింది నా కోసం కాదు, కొత్త టీవీని నలుగురికీ చూపించుకోవడం కోసమని అన్నాను. వాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఐదు రోజులు మాట్లాడలేదు.

ఆ సాయంత్రం పిల్ల ఫోన్ చేసింది. వెనక ఎవరివో నవ్వులు. "అమ్మమ్మా, పడ్డయి. కండ్లు మూసుకున్నంక నాకు ఎర్కైంది, నువ్వేసినయ్యే" అంది. అర మీటరు గుడ్డ కోసం మనుషులను నిలబెట్టి అడిగిన దాన్ని నేను. "ఏసిన బిడ్డా, సరిగ్గ టైముకు" అన్నాను.

మరునాడు ఆ గింజలను కడిగి బియ్యంలో కలిపి వండాను. అన్నం పచ్చగా ఎందుకుందని ఎవరూ అడగలేదు. ఆ రికార్డింగును కోడలు చాలాసార్లు చూసింది, నన్నూ పిలిచింది, నేను పోలేదు. ఎప్పుడైనా చూసుకోవచ్చు కదా అని కొడుకు ఇప్పటికీ అంటాడు. ఎప్పుడైనా అన్నదానికి ముహూర్తం ఉండదని, వచ్చిన ముహూర్తం ఎవరి మోకాళ్ల కోసమూ ఆగదని వాడికి నేను ఇంకా చెప్పలేదు. వాడి మోకాళ్లే ఒకనాడు చెబుతాయి.