రాహుకాలంలో ఆగిపోయే కంప్యూటర్

ఆ రోజుల్లో మా మాదన్నపేట ఇళ్ళల్లో కంప్యూటర్‌కు జరిగిన మర్యాద మనుషులకు జరిగేది కాదు. చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని మరీ దాని ముందు కూర్చునేవాళ్ళం. మానిటర్‌కు అమ్మ స్వయంగా అల్లిన లేసు గుడ్డ కప్పేది (కీబోర్డుకు ఇంకొకటి, మౌసుకు రుమాలంత చిన్నది). తొంభైల చివర్లో మా ఇంటికి వచ్చిన ఆ యంత్రం నిజానికి అక్క కోసం కొన్నది. అక్క ఎం.సీ.ఏ. ఆఖరి ఏడాదిలో ఉండేది. లైబ్రరీ పుస్తకాల లెక్క చూసే ప్రోగ్రాం ఒకటి తయారుచేసి సోమవారం నాడు వైవాలో నడిపి చూపించాలి. నడవకపోతే ఇంకో ఆరు నెలలు ఆగాలని వాళ్ళ సారు ముందే చెప్పాడు. కాలేజీ ల్యాబుకేమో పరీక్షల పేరుతో తాళం పడింది. కాబట్టి అక్క భవిష్యత్తంతా మా ముందుగదిలోని ఆ డబ్బా మీద ఆధారపడి ఉంది. ఇంటర్ పరీక్షలు రాసేసి, చేయడానికి పనేమీ లేక, కనిపించిన వస్తువునల్లా విప్పి చూస్తున్న తమ్ముడు అదే ఇంట్లో ఉన్నాడు. నేనే.

కంప్యూటర్ బిగించి ఇచ్చింది మొఘల్‌పురాలో చిన్న దుకాణం ఉన్న ఒక భాయ్. ఎవరు ఏ ఫికర్ మోసుకొచ్చినా "టెన్షన్ నక్కో", అంటే వద్దు, అనేవాడు కాబట్టి నేను ఆయనకు నక్కో భాయ్ అని పేరు పెట్టుకున్నాను. సెలవులంతా ఆయన బల్ల దగ్గరే నా కాపురం. మదర్‌బోర్డు మీద ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుందనీ, దాన్ని పీకి పక్క పుల్లలకు తొడిగితే మూడువందల మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ నాలుగువందల యాభైతో పరుగెడుతుందనీ అక్కడే విన్నాను. "నిజంగ నడుస్తదా భాయ్?" అంటే ఆయన చాయ్ చప్పరిస్తూ, "చల్తా మియా, లేకిన్ గరం హోతా. ఉంగ్లీ రఖ్ కే దస్ తక్ గిన్. గిన్ సకే తో ఠీక్, నై తో నీచే లా" అన్నాడు. నడుస్తుంది గానీ వేడెక్కుతుందట, అందుకని నడిపించాక ప్రాసెసర్‌కున్న అల్యూమినియం దిమ్మె మీద వేలు పెట్టి పది దాకా లెక్కపెట్టాలట, వేలు ఆగకపోతే వేగం దించెయ్యాలట. అందులో నా చెవికెక్కింది "చల్తా" అన్న ఒక్క మాటే.

వైవాకు ఇంకా సరిగ్గా వారం ఉందనగా, సోమవారం పొద్దున్నే అక్క స్నానానికి వెళ్ళిన సందు చూసుకుని పని ముగించాను. తెర మీద 450 అని కనిపించగానే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పరీక్ష కూడా చేశాను సుమా! పది నిమిషాలు కారు పందెం ఆట ఆడాను. గెలిచాను. అది ప్రాసెసర్ గొప్పతనమే అని తీర్మానించి, గల్లీలో స్నేహితులందరికీ చాటింపు వేసి, ఇంట్లో మాత్రం నోరు మెదపకుండా కూర్చున్నాను.

మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు అక్క ప్రోగ్రాం నడుపుతుంటే తెర బిగుసుకుపోయింది. బుధవారం ఒంటిగంటకు అదే జరిగింది. గురువారం రెండింటికి మళ్ళీ అదే. నాయనమ్మ గోడకున్న తెలుగు క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు సర్దుకుని, వేలితో గళ్ళు తడిమి ప్రకటించింది: "నేను చెప్తనే ఉన్న గదా. మూడు దినాలు మూడుసార్లు రాహుకాలంలనే ఆగింది." మేమందరం వెళ్ళి చూశాం. అక్షరాలా నిజం. ఎండ నెత్తికెక్కే వేళకే రాహుకాలం కూడా రావడం ఆ మూడు రోజుల ఖర్మ.

శుక్రవారం అక్క రాహుకాలం దాటేదాకా ఆగి, పన్నెండు కొట్టాక మొదలుపెట్టింది. ముప్పావుగంట తిరక్కముందే కంప్యూటర్ మళ్ళీ ఆగింది. నేను లోలోపల కొంచెం సంతోషించాను, ఇప్పుడేమంటుందో చూద్దామని. నాయనమ్మ చెక్కు చెదరలేదు. "గది దుర్ముహూర్తం. సూసుకోవాలె గద బిడ్డా" అంది. క్యాలెండర్‌లో అదీ ఉంది!

ఎదురింటామె వచ్చి, "వోల్టేజి సక్కగ లేదేమో వదినా" అని పోయింది. బాపు కరెంటాఫీసులో గుమస్తా. వోల్టేజిని అంటే తనను అన్నట్టే. ఆ సాయంత్రమే తెలిసిన లైన్‌మన్ అన్నను వెంటబెట్టుకొచ్చి, మీటరు పెట్టించి, వీధికంతా వినబడేలా "ఎంత? రెండు వందల ముప్పయి! బరాబర్!" అని మూడుసార్లు చదివించాడు. లైన్‌మన్ అన్న చాయ్ తాగి, "కరెంట్ మస్తుగున్నది సార్. మిషిన్‌ల దయ్యముందేమో" అని వెళ్ళిపోయాడు. శనివారానికల్లా కంప్యూటర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడాయి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా మాత్రం అది బుద్ధిగా నడిచేది. దానికి చల్లటి పూట కారణమని నాకు తట్టలేదు. నాకూ నాయనమ్మకూ ఆ వారం తెలివిలో పెద్ద తేడా లేదు.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. నేను అప్పటిదాకా తప్పు అక్క ప్రోగ్రాందే అనుకున్నాను. అమ్మ అందులో పేకాట ఆడితే ఆగని కంప్యూటర్ అక్క ప్రోగ్రాం నడిపితేనే ఆగుతోంది కదా! (పేకాటకు ప్రాసెసర్ చెమట పట్టదని తెలిసే వయసు కాదు.) ఆ మాట అక్కతో అన్నాను కూడా. పెద్ద ఇంజనీరులాగా, "ఏడనో తప్పు రాసినవ్ అక్కా, మళ్ళ చూడు" అన్నాను. పాపం, తను నమ్మింది. వారమంతా నిద్ర మానుకుని, తిండి సగం మానుకుని, రాసిన ప్రతి వరుసకూ ఎర్ర పెన్నుతో గీతలు కొట్టుకుంటూ కూర్చుంది.

శనివారం మధ్యాహ్నం వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది. "నాతోని కాదమ్మా. సోమవారం నేను పోను. నాకు ఈ చదువే రాదు, ఊరికెనే చేరిన." అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అక్క ఏడుస్తోందని గొంతును బట్టే తెలిసింది. క్లాసులో ఎప్పుడూ ముందుండే మా అక్క అట్లా అనడం నేను ఏనాడూ వినలేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నక్కో భాయ్ చెప్పిన మిగతా సగం. ముందుగదిలోకి వెళ్ళి, నడుస్తున్న కంప్యూటర్ పక్క రేకు విప్పి, ఐదు రోజులు ఆలస్యంగా ఆ వేలి పరీక్ష చేశాను. ఒకటి, రెండు... మూడు అనేలోపు వేలు నోట్లో ఉంది.

పారిపోదామనే అనుకున్నాను, అబద్ధమెందుకు? కాళ్ళు మాత్రం వంటింటి వైపే నడిచాయి. వేలు నోట్లోంచి తీసి, "అక్కా, తప్పు నీది కాదు. నేనే స్పీడ్ పెంచిన. సోమవారం పొద్దుగాల. గందుకే వేడెక్కి ఆగుతున్నది" అన్నాను. బియ్యం చేట ఆగింది. నేను చెంప సిద్ధం చేసుకుని నిలబడ్డాను.

అక్క కళ్ళు తుడుచుకుంది. తర్వాత చిన్నపిల్లలా అడిగింది:

"అంటే... నా ప్రోగ్రాం మంచిగనే ఉన్నదారా?"

"మంచిగనే ఉన్నదక్కా."

అంతే, లేచి ముందుగదిలోకి పరుగెత్తింది. నేను కంప్యూటర్ ఆపి, ఆ ప్లాస్టిక్ ముక్కను పాత చోటికి మార్చాను. ఆరోజు ఎండ దిగేదాకా, మర్నాడు ఆదివారం సాయంత్రం నికార్సయిన రాహుకాలంలో కూడా, లైబ్రరీ పుస్తకాలు నిక్షేపంగా వస్తూ పోతూ ఉన్నాయి. నాయనమ్మ ఘనత నిమ్మకాయకిచ్చింది. బాపు వోల్టేజికిచ్చుకున్నాడు.  నాకు దెబ్బలు తప్పాయనుకున్నాను, కానీ ఆ శనివారం నాడే, సంతోషమంతా తీరాక, ఒక గంటకు, అక్కకు అసలు సంగతి గుర్తొచ్చింది. చెక్క స్కేలు పట్టుకుని మేడ మీదికి వచ్చి మరీ కొట్టింది. వైవా బాగా చేసి వచ్చిన రోజు మళ్ళీ కొట్టింది, అది ఎందుకో ఇద్దరికీ తెలియదు.

ఆ పదిహేడేళ్ళ మేధావిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వాడు నాలుగువందల యాభై అంకెను చూసి మురిసిపోయాడే గానీ, దాని ముందు కూర్చున్న మనిషి రోజురోజుకీ తనమీద తాను నమ్మకం పోగొట్టుకుంటోందని చూసుకోలేదు. ఈమధ్య ఆ మాటే అక్కతో అన్నాను, కాస్త సిగ్గుపడుతూ. "పోనీ తియ్, చిన్నోనివి" అని నవ్వేసింది. ఆ నవ్వు చూస్తే, వంటింట్లో ఆ ప్రశ్న అడిగినప్పటి ముఖమే కనిపించింది. ఆ రోజు నాకు తిట్లు పడాల్సిన చోట, తన ప్రోగ్రాం మంచిదేనన్న సంతోషంలో, అక్క నన్ను పూర్తిగా మర్చిపోయింది. నేను ఎవరికైనా అంత సంతోషం కలిగించింది బహుశా అదొక్కసారేనేమో, అదీ నేను చేసిన తప్పు ఒప్పుకుని.